దొడ్డిదారి ఆంటీ

కూతురు కాలేజీలో చేరిందని చెబుతూ ఒక తండ్రి నా ఎదుట కళ్ళు తుడుచుకున్నాడు.

లండన్‌కి కాస్త దూరంలో, బ్రాక్‌నెల్‌లో ఎవరి పిల్లవాడిదో పుట్టినరోజు. కమ్యూనిటీ హాలు, బుడగలు, పులిహోర, దాని పక్కనే పిజ్జా. ఆయన సాఫ్ట్‌వేర్‌లో పెద్ద హోదాలో ఉన్న మనిషి, భీమవరం వైపు. కూతురికి ఏ-లెవెల్స్‌లో, అంటే ఇక్కడి ఇంటర్‌లో, అనుకున్న మార్కులు రాలేదు. పేరున్న యూనివర్సిటీ ఏదీ రమ్మనలేదు. ఇంటి నుంచి ఒక్క బస్సు ఎక్కితే చేరే కాలేజీలో చేరింది. అక్కడ రెండేళ్ళు చదివితే చివరి ఏడాదికి యూనివర్సిటీ వాళ్ళు తీసుకుంటారు. పిల్ల నిక్షేపంగా ఉంది. తండ్రి పక్కనే నిలబడి పకోడీ తింటోంది. "డాడ్, ఇట్స్ కాలేజ్. నాట్ ప్రిజన్," అంది. ఆయన మాత్రం "మా పరువు పోయిందండీ" అన్నాడు, పిల్ల ఎవరితోనో లేచిపోయినట్టు.

మన ఊళ్ళో పిల్ల కాలేజీలో చేరితే స్వీట్లు పంచుతారు. ఈ దేశంలో మనవాళ్ళు పరామర్శకు వస్తారు. ఇక్కడ కాలేజీ అంటే వేరు. పైపులు బిగించడం, జుట్టు కత్తిరించడం, కేకు మీద పూలు వేయడం, ఇంగ్లీషు రానివాళ్ళకు ఇంగ్లీషు, చదువు మధ్యలో తెగిపోయినవాళ్ళకు మళ్ళీ చదువు, అన్నీ ఒకే కప్పు కింద. మనవాళ్ళకు ఈ కలగాపులగం నచ్చదు. చదువుకొనే చోట చదువుకొనేవాళ్ళే ఉండాలి, అందులోనూ మన పిల్లలకంటే కొంచెం తక్కువ చదివేవాళ్ళు ఉండాలి.

నేను స్కూలు టీచర్ని కాబట్టి ఆయన్ని ఓదార్చే పని నాకు అప్పగించారు. నాకు ఓదార్చడం రాదు. పైగా నవ్వు వస్తోంది. ఆయన ఏడుస్తున్నంతసేపూ నాకు హేస్‌లో మా ఆంటీ గుర్తొస్తోంది. ఆవిడ పోయి ఏడాది దాటింది. ఉండి ఉంటే ఈయన చేతికి ఒక టిష్యూ ఇచ్చి, "ఏడ్సు నాయనా, బాగా ఏడ్సు. సదువు నీకు కాదు కదా, పాపకు. ఆ పాప ఏడ్సల్యా కదా," అని, పిల్ల ప్లేట్లోంచి ఒక పకోడీ తీసుకుని ఉండేది.

ఆవిడ నాకు ఏ వరసకీ ఆంటీ కాదు. ఇక్కడ పెద్దవాళ్ళంతా అంకుళ్ళూ ఆంటీలే కదా, ఆవిడా అంతే. ఊరు ధర్మవరం దగ్గర. అక్కడి ఒక మిషన్ ఆసుపత్రిలో ఆయాగా చేసింది. ఆ ఆసుపత్రి డాక్టరమ్మ ఒకావిడ లండన్ వస్తూ పిల్లల్ని చూసుకోడానికి వెంట తెచ్చుకుంది. పిల్లలు పెద్దవాళ్ళై, డాక్టరమ్మ వేరే దేశం పోయినా ఈవిడ మాత్రం ఇక్కడే ఉండిపోయింది. హేస్‌లో ముసలివాళ్ళుండే ఒక కేర్ హోమ్‌లో పని. భర్త గురించి అడిగితే, "ఉన్నప్పుడూ ల్యానట్లే ఉన్నె. ఇప్పుడు నిజంగానే ల్యాడు. పెద్ద తేడా తెలీల్యా," అనేది. అంతకుమించి ఆవిడ జీవితచరిత్ర నాకూ తెలియదు.

నేను ఆవిడకు దొరికింది మాత్రం కాలేజీ వరండాలో.

మేం వై-టూ-కే పుణ్యమా అని ఈ దేశానికి వచ్చాం. మావారిది బ్రాక్‌నెల్‌లో ఉద్యోగం, ఇల్లు హేస్‌లో ఒక ఇరుకు ఫ్లాట్. తెనాలిలో నేను బీకాం రెండో ఏడాదిలో ఉండగా పెళ్ళి చేశారు. ఇక్కడ డిగ్రీ పూర్తి చేద్దామని యూనివర్సిటీలకు రాస్తే, నా ఇంటర్ సర్టిఫికెట్‌ని మ్యూజియంలో పెట్టాల్సిన వస్తువులా చూసి మర్యాదగా వద్దన్నారు. ఇంగ్లీషు సరిపోదన్నారు. కాలేజీలో యాక్సెస్ కోర్సని ఒకటుందని లైబ్రరీలో ఎవరో చెప్పారు. చదువు మధ్యలో ఆగినవాళ్ళకు ఏడాదిపాటు పాఠాలు చెప్పి యూనివర్సిటీకి సిద్ధం చేస్తారట. మావారికి స్టీవెనేజ్‌లో ఒక స్నేహితుడు ఉండేవాడు, విమానాల కంపెనీలో ఇంజనీరు. ఆయన ఒక ఆదివారం మా ఇంట్లో గోంగూర పచ్చడి కలుపుకుంటూ, "కాలేజీయా? అది ప్లంబర్లు పోయే చోటమ్మా. కొడితే డైరెక్ట్ యూనివర్సిటీ కొట్టాలి. ఇదంతా దొడ్డిదారి. మన స్థాయి కాదు," అన్నాడు. మావారు నా వైపు చూడకుండా పెరుగు వడ్డించుకున్నారు. ఆ చలికాలమే ఆ ఇంజనీరుగారి ఇల్లు వెచ్చబెట్టే బాయిలర్ పాడై, ప్లంబరు దొరక్క, భార్యాపిల్లల్తో వచ్చి మా ఇరుకు ఫ్లాట్‌లో పడుకున్నారు. అది వేరే సంగతి.

మావారికి చెప్పకుండానే వెళ్ళి చేరాను. మొదటి రోజు వరండాలో ఒకావిడ అటూ ఇటూ నడుస్తోంది. నేత చీర, దాని మీద మగవాళ్ళ స్వెట్టరు, కాళ్ళకు తెల్లటి పరుగు బూట్లు. కళ్ళు మూసుకుని, తల ఊపుతూ ఏదో గొణుగుతోంది. గోడ దాకా వెళ్ళి, కళ్ళు తెరవకుండానే వెనక్కి తిరుగుతోంది. నేను ప్రార్థన అనుకున్నాను. సెక్యూరిటీ అతను ఆస్తమా అనుకున్నాడు. నేను ఆవిడ రంగులోనే ఉన్నాను కాబట్టి చుట్టాన్ననుకుని, "ఆవిడకు బాగానే ఉందా?" అని నన్ను అడిగాడు. దగ్గరకి వెళ్ళి చెవి పెట్టాను. "ద స్కిన్ ఈజ్ ద లార్జెస్ట్ ఆర్గాన్ ఆఫ్ ద బాడీ. ద స్కిన్ ఈజ్ ద లార్జెస్ట్ ఆర్గాన్..."

ఆ 'ఆర్గాన్' వినగానే ప్రాణం లేచొచ్చింది. పరీక్షల ముందు డాబా మీద ఆ చివర నుంచి ఈ చివరకు నడుస్తూ బట్టీ పట్టడం తెలుగు గడ్డ మీద పుట్టినవాళ్ళకు తప్ప ఎవరికొస్తుంది?

"మీరు తెలుగువారాండీ?"

కళ్ళు తెరిచింది. "వారూ గీరూ ఏం ల్యా. తెలుగుదాన్నే. గమ్మునుండు పాపా, ఈ పేరా మర్చిపోతా."

పేరా పూర్తయ్యాకే నా పేరు అడిగింది. ఆవిడదీ యాక్సెస్ కోర్సే. ఆ తర్వాత ఏడాది పొడుగునా క్లాసులో ఆవిడ పక్క కుర్చీ నాది. ఆవిడ కుర్చీ ఎప్పుడూ హీటర్ పక్కనే ఉండేది. ఎవరైనా అందులో కూర్చుంటే లేవమనదు. వాళ్ళ పక్కన నిలబడి చర్మం గురించి చెప్పడం మొదలుపెడుతుంది. ఒక్క పేరా అయ్యేలోపు కుర్చీ ఖాళీ అయ్యేది.

ఆవిడ కోరిక ఒక్కటే, నర్సు కావాలి. యాభై దగ్గర పడుతున్న వయసులో, మోకాళ్ళకు నూనె రాసుకుని తిరిగే మనిషికి ఈ కోరికేమిటని మొదట్లో నేనూ అనుకున్నాను. ఒకసారి బస్సులో అడిగేశాను కూడా.

"మిషన్ ఆసుపత్రిలో యేటా నర్సు ట్రైనింగుకు పిల్లోళ్ళని పంపుతాండ్రి. నేను పదో తరగతి పాసు. యేటా పోయి మేట్రనమ్మను అడుగుతాంటి. ఒక యేడు ఇంగ్లీషు రాదన్యారు. నేర్చుకుంటి. ఆ పై యేడు ఇంటరు ఉండాలన్యారు. రాత్రుళ్ళు సదివి రాసినా. అప్పుడేమో వయసు దాటిపాయనన్యారు. ఆఖరికి మేట్రనమ్మ పిల్చి కూచోబెట్టి, మెల్లగా చెప్పినాది. 'నీది చేతి పని, తల పని కాదు. నీ తలకాయలోకి ఎక్కదు. బాధపడొద్దు' అని."

"అసలు కారణం అదేనా ఆంటీ?"

"ఊర్లో మా ఇల్లు యాడుండాదో ఆ యమ్మకు బాగా తెలుసు," అంది ఆంటీ కిటికీలోంచి చూస్తూ. తర్వాత నా జడ కేసి చూసి, "నువ్వు తల దువ్వుకోల్యా ఈ పొద్దు?" అని మాట మార్చేసింది. నాకు అర్థమైంది. తెనాలిలో మా ఇల్లు ఊరి మధ్యలో ఉంటుంది.

కాలేజీ మీద ఆవిడకున్నంత ప్రేమ ఆ కాలేజీ ప్రిన్సిపాల్‌కి కూడా ఉండేది కాదు. చెమ్మ పట్టిన గోడలు, పనిచేయని లిఫ్టు, మూడు రకాల చిప్స్ తప్ప ఏమీ దొరకని క్యాంటీన్. అందులో ఆవిడ బాక్సు తెరిచి చేత్తో ఉగ్గాని తినేది. వాళ్ళ ఊళ్ళో మరమరాలతో చేసే ఉగ్గానే, పక్కన మిరపకాయ బజ్జీ కూడా. పైపుల క్లాసు కుర్రాళ్ళు మొదట వింతగా చూశారు, తర్వాత పక్కన చేరారు, ఆ తర్వాత బజ్జీ కొరికి ఏడ్చారు. వాళ్ళందర్నీ తెలుగులోనే 'నాయనా' అనేది. తమకేదో ముద్దుపేరు పెట్టిందనుకుని వాళ్ళూ ఆవిడని తిరిగి 'నాయనా' అనేవాళ్ళు. ఆరడుగుల తెల్ల కుర్రాడు వరండా అవతలి నుంచి "నాయ్‌నా!" అని చెయ్యూపితే ఆవిడ రాణీగారిలా తల పంకించేది. జుట్టు కత్తిరించడం నేర్చుకునే పిల్లలకి సాధన చేయడానికి తలకాయలు కావాలి. ఆంటీ తన జడ ముట్టుకోనివ్వలేదు, నా తలను మాత్రం ఉదారంగా దానం చేసింది. ఆ రోజు మావారు తలుపు తీసి, "ఎవరు కావాలండీ?" అన్నారు. నేను కాలేజీలో చేరిన సంగతి ఆయనకు అలా తెలిసింది.

స్టీవెనేజ్ ఇంజనీరుగారి మాట ఆవిడతో చెప్పినప్పుడు కోపం వస్తుందనుకున్నాను. బజ్జీ నంజుకుంటూ విన్నది.

"దొడ్డిదారి అన్యాడా? సరిగ్గానే అన్యాడు. మా పక్క దొడ్డ అంటే ఏంది పాపా? పెద్దది. దొడ్డ మనిషి, దొడ్డ మనసు. ఇది దొడ్డదారి. అయినా ఆయప్పకు తెలీదా, ముందరి వాకిట్లో నుంచి వచ్చేది చుట్టాలు. కాపీ తాగి పోతారు. దొడ్లో నుంచి వచ్చేటోళ్ళే ఇంట్లో మనుషులు. గొడ్డూ గోదా, నీళ్ళా, కట్టెలా, అన్నీ అట్నే కదా వచ్చేది."

అక్కడితో ఆగలేదు. నేనింకా జంకుతున్నానని తెలిసి కాబోలు, ఆ వారమంతా సందు దొరికినప్పుడల్లా నాకు కాలేజీ మహిమలు వినిపించింది. "యూనివర్సిటీలో నిన్ను నంబరు పెట్టి పిలుస్తారు. ఈడ మిస్సుకు మన పేరు తెల్సు, ఏ పొద్దు ఏ డ్యూటీనో తెల్సు, నా మోకాలి నొప్పి గూడా తెల్సు. పొద్దున డ్యూటీ చేసి మధ్యాహ్నం రావచ్చు. తప్పు చేస్తే టీ ఇచ్చి చెప్తారు. ఆడ చేస్తే కమిటీ పెడతారు. సదువుకి సిగ్గెక్కువ పాపా, మనకా సిగ్గు తక్కువ. ఈడైతే ఇద్దరికీ పొత్తు కుదురుతాది."

ఈ టీ సంగతి ఆవిడకే అనుభవంలోకి వచ్చింది, అదీ క్రిస్మస్ సెలవులకు ముందు.

మాకు వ్యాసాలు రాయడం నేర్పే మిస్ ఒకావిడ ఉండేది. వేల్స్ మనిషి, పొట్టిగా, బూడిద రంగు జుట్టు, ఎప్పుడూ ఒక చెవికే పోగు. మొదటి పెద్ద అసైన్‌మెంటు, ముసలితనంలో శరీరం గురించి. ఆంటీ కేర్ హోమ్‌లో నైట్ డ్యూటీలు మానుకుని మరీ రాసింది. తిరిగి ఇచ్చే రోజు అందరికీ కాగితాలిచ్చి, ఆంటీని మాత్రం, "క్లాసయ్యాక నా గదికి వస్తావా?" అంది మిస్. ఆంటీ గర్వంగా నా వైపు చూసింది. ఫస్టు మార్కు తనదే అనుకుంది. పొగడ్త సరిగ్గా అర్థం కావాలని నన్ను కూడా తీసుకెళ్ళింది.

మిస్ తలుపు వేసింది. ఎలా మొదలుపెట్టాలో తెలియక చెవిపోగు తిప్పుకుంది.

"ఇక్కడ 'మునుపటి అధ్యాయంలో చూసినట్లు' అని రాశావు. ఏ మునుపటి అధ్యాయం?"

ఆంటీ నా వైపు చూసింది. నేను పైకప్పు వైపు చూశాను.

"ఇక్కడ 'కింది పటంలో చూపిన విధంగా' అని ఉంది. కింద పటం లేదు."

"పటం నాకు గీయను రాదు మిస్," అంది ఆంటీ ఇంగ్లీషులో. "అందుకే వదిలేసినా."

"ఇదంతా పుస్తకంలోది. నువ్వు కాపీ చేశావు."

కాపీ! ఆ మాట వినగానే ఆంటీ ముఖం మారిపోయింది. మన దగ్గర కాపీ అంటే ఏమిటి? జాకెట్లో చీటీలు, కిటికీలోంచి విసిరే గైడు కాగితాలు, స్క్వాడు జీపు రాగానే పరుగులు. తనంతట తాను కష్టపడి బట్టీ పట్టి, పుస్తకం బీరువాలో పెట్టి తాళం వేసి మరీ రాసిన మనిషిని పట్టుకుని కాపీ అంటే?

"కాపీ? నేనా? నో బుక్! ఓన్లీ హెడ్!" అని లేచి నిలబడింది. కొంగు బిగించింది. తన నిర్దోషిత్వం రుజువు చేసుకోడానికి అక్కడికక్కడే కళ్ళు మూసుకుని అధ్యాయం మొదటి నుంచి అప్పజెప్పడం మొదలుపెట్టింది. ఒక్క అక్షరం పొల్లు పోలేదు. కామా దగ్గర ఆగింది, ఫుల్‌స్టాప్ దగ్గర ఊపిరి పీల్చింది. "మునుపటి అధ్యాయంలో చూసినట్లు" కూడా అప్పజెప్పింది. మిస్ ముందున్న పుస్తకంలో వేలు పెట్టి పోల్చుకుంటూ పోతోంది. ఆంటీ ఎంత తప్పు లేకుండా చెబితే నేరం అంత గట్టిగా రుజువవుతోంది. నాకు ఆవిడ నోరు మూయాలని ఉంది, కానీ పాఠం మధ్యలో ఆపితే ఎంత పాపమో నాకూ తెలుసు. నేనూ తెనాలిలో అలా చదివే ఇంటర్‌లో ఫస్టు క్లాసు తెచ్చుకున్నాను.

పేజీ చివరికి వచ్చాక మిస్ చెయ్యి పైకెత్తింది. ఆంటీ గెలిచినట్టుగా కూర్చుంది.

మిస్ లేచి కెటిల్ ఆన్ చేసింది. టీ చేతికిచ్చాక అప్పుడు చెప్పింది, మెల్లగా, నేను తెలుగు చేస్తూ ఉండగా. ఈ దేశంలో చదువంటే పుస్తకంలో ఉన్నది అప్పజెప్పడం కాదు. చదివింది నీ సొంత మాటల్లో చెప్పాలి. ఎవరి మాటైనా వాడుకుంటే వాళ్ళ పేరు రాయాలి. లేకపోతే దొంగతనం కింద లెక్క. యూనివర్సిటీలో అయితే ఇదే తప్పుకు పేరు కొట్టేయగలరు. ఇక్కడ మొదటిసారి కాబట్టి మళ్ళీ రాయొచ్చు. రెండోసారి కూడా ఇలాగే వస్తే కోర్సు ఫెయిలైనట్టే, నర్సు సీటుకు అర్హత పోయినట్టే.

ఆంటీ టీ తాగడం ఆపేసింది. తర్వాత నాతో తెలుగులో అంది.

"పుస్తకంలో ఉన్నది ఉన్నట్లు రాస్తే తప్పా పాపా? పెద్దోళ్ళు రాసినారు కదా. నా మాటలు ఎవరిక్కావాల?"

తెలుగు చేసినంత సులువుగా అది ఇంగ్లీషులోకి రాలేదు నాకు. ఎలాగో చెప్పాను. మిస్ ఆంటీ వైపు చూసి, "నాకు కావాలి. నేను మార్కులు వేసేది వాటికే," అంది.

"ఈ యమ్మకు ఏమన్నా బాగల్యాదా?" అని నన్ను అడిగింది ఆంటీ. అది నేను అనువదించలేదు.

ఆ వారం ఆవిడ మనిషిలా లేదు. వరండాలో నడక మానేసింది. మొదటిసారి భయపడటం చూశాను. అప్పజెప్పమంటే ఆవిడ దేన్నైనా అప్పజెప్పగలదు. సొంత మాట అనేసరికి పెన్ను కదలడం లేదు. మూడు వాక్యాలు రాసి కొట్టేసేది, "ఇట్ల రాస్తే నవ్వుతారు" అనేది. నాకు చిరాకెత్తి, "ఆంటీ, రోజంతా మీరు వాగేది సొంత మాటలు కాదా? హోమ్‌లో ముసలమ్మల గురించి నాకు చెప్పేవి కాగితం మీద పెట్టండి," అన్నాను.

"అవి ముచ్చట్లు కదా?"

"అవే రాయండి."

రాసింది. ఇంగ్లీషు ఘోరంగా ఉంది. క్రియలు కర్తల్ని పట్టించుకోలేదు. కానీ నేను చదివి, మళ్ళీ మొదటి నుంచి చదివాను. అందులో ఒక ముక్క నాకింకా నోటికి వచ్చు. దాన్ని బట్టీ పట్టానంటే ఆంటీ ఒప్పుకోదు. ముసలివాళ్ళు పసిపిల్లల్లాంటి వాళ్ళంటారు, అది అబద్ధం, అని మొదలుపెట్టింది. పసిబిడ్డను ఎత్తుకున్నప్పుడు నిన్నటికంటే బరువైందని తెలుస్తుంది, ముసలామెను ఎత్తినప్పుడు నిన్నటికంటే తేలికైందని తెలుస్తుంది, ఎత్తే చేతులు రెండింటినీ ఒకేలా ఎత్తకూడదు, అని రాసింది. కింద ఆ చర్మం పాఠం కూడా ఉంది, ఈసారి అది కేర్ హోమ్ మంచం మీద పడుకున్న ఒక ముసలాయన వీపు గురించి.

ఎవరి మాట వాడుకుంటే వాళ్ళ పేరు రాయాలన్న సంగతి మాత్రం ఆవిడకు మింగుడుపడలేదు. "సొంత మాటలంటాది, మళ్ళీ ఎవరు చెప్పినారో రాయమంటాది. ఏదో ఒకటి చెప్పమను," అని గొణుక్కుంది. చివరికి వ్యాసం అడుగున, పుస్తకాల పేర్లు రాయాల్సిన చోట, రెండు పుస్తకాల కింద 'మా అత్త, ధర్మవరం, నోటిమాట' అని రాసింది. మంచం మీద పడినవాళ్ళను గంటగంటకీ పక్క తిప్పాలని మొదట చెప్పింది ఆ అత్తేనట. మిస్ దాన్ని కొట్టేయలేదు. పక్కన ఒక టిక్కు పెట్టింది. వ్యాసం పాసైంది, గ్రామర్ గురించి ఒక పేజీ తిట్లతో సహా.

ఆ తర్వాత ఆపడం ఎవరి తరం కాలేదు. సొంత మాటలకు మార్కులొస్తాయని తెలిశాక ఆవిడ ప్రతి వ్యాసాన్ని తగాదాగా మార్చేసింది. పుస్తకం ఒకటంటే, "ఈయప్ప ఎప్పుడైనా ఎవరికైనా నీళ్ళు పోసినాడా?" అని మార్జిన్లో రాసేది. మిస్ తల పట్టుకునేది, కెటిల్ ఆన్ చేసేది. అదే యూనివర్సిటీలో మొదటి ఏడే జరిగి ఉంటే ఇద్దరం నిశ్శబ్దంగా ఇంటికి వచ్చేసి ఉండేవాళ్ళం. మా తప్పేమిటో కూడా మాకు తెలిసేది కాదు.

మార్చిలో యూనివర్సిటీ వాళ్ళు నర్సింగ్ ఇంటర్వ్యూకి పిలిచారు. తోడుగా నేనూ బస్సులో వెళ్ళాను. బయట బల్ల మీద కూర్చుంటే లోపల్నుంచి నవ్వులు వినిపించాయి. ఆవిడ బయటకొచ్చాక ఎందుకు నవ్వారని అడిగాను.

"ఎందుకు వచ్చినావు అన్యారు. సిస్టర్ కావాలని వచ్చినా అన్యా. అందరూ నవ్వినారు."

ఇక్కడ సిస్టర్ అంటే వార్డు మొత్తం మీద పెత్తనం చేసే పెద్ద నర్సు. మన ఆసుపత్రుల్లో నర్సులందరూ సిస్టర్లే. యాభై దగ్గర పడుతున్న ఆయమ్మ వచ్చి మొదటి మాటగా మీ వార్డు నాకిచ్చేయండి అన్నట్టు వినపడి ఉంటుంది వాళ్ళకు.

"మరి మీరేమన్నారు?"

"ఏం నవ్వుతారు, యాన్నో ఒక తావ మొదలు పెట్టల్ల కదా అన్యా."

జూన్‌లో ఒక మధ్యాహ్నం క్యాంటీన్లో కూర్చున్నాం. ఆంటీ ఉగ్గాని బాక్సు తెరిచింది. పైపుల క్లాసు కుర్రాళ్ళు చుట్టూ ఉన్నారు. మిస్ తలుపు దగ్గర నుంచే మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చింది. చేతిలో చిప్స్ ట్రే మా బల్ల మీద పెట్టి, "ఇప్పుడే యూనివర్సిటీ నుంచి ఫోను. నీకు సీటు ఇచ్చారు. సెప్టెంబర్ నుంచి," అంది.

కుర్రాళ్ళు బల్లలు బాదారు. ఎవరో ఈల వేశారు. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆంటీ ఒక్కతే కదల్లేదు, చేతిలో ముద్ద అలాగే ఉంది.

"ఏమంటాండాది?" అంది నాతో. ఆవిడకు అర్థం కాకపోలేదు.

"సీటిచ్చారాంటీ."

"నర్సుకేనా?"

"నర్సుకే."

"ఇంకేం అడగల్యా? ఎవరి పిల్లవి, యాడుంటారు మీరు, ఎవరు పంపినారు, ఏమీ అడగల్యా?"

"లేదాంటీ. ఏమీ అడగలేదు."

ముద్ద బాక్సులో పెట్టేసింది. చెయ్యి తుడుచుకుంది. ప్రార్థన చేస్తుందనుకున్నాను. ముఖం ఎర్రబడింది, గొంతు లేచింది, క్యాంటీన్లో అందరూ ఇటు తిరిగారు.

"ఇంతేనా? ఇంతేనా పాపా? ఒక యేడు కూచోబెట్టి చెప్తే వచ్చే సదువా ఇది? దీనికా నన్ను అన్నేండ్లు బెడ్‌పాన్లు కడగమన్యారు? నా తలకాయలోకి ఎక్కదన్యారు కదా. మెల్లగా, మంచిగా, కూచోబెట్టి చెప్పినారు కదా. నేనూ అది నిజమే అనుకుంటి కదా!"

కుర్రాళ్ళు బల్లలు బాదడం ఆపేశారు. మిస్ కంగారుగా నా వైపు తిరిగింది. "ఏమంటోంది? సంతోషమేనా?"

ఏమని చెప్పను? ఆ మేట్రనమ్మ గురించి చెప్పాలి, ఊరు గురించి చెప్పాలి, ఊళ్ళో ఎవరిల్లు ఎక్కడుంటుందో చెప్పాలి, మాది ఎక్కడుంటుందో కూడా చెప్పాలి. చిప్స్ చల్లారిపోతున్నాయి. "చాలా సంతోషంగా ఉందట," అన్నాను ఇంగ్లీషులో.

"నో," అంది ఆంటీ. కళ్ళు తుడుచుకోకుండానే మిస్ వైపు తిరిగింది. "నాట్ హ్యాపీ. యాంగ్రీ. సెప్టెంబర్, వాట్ టైమ్?"